ఒక్క చెరువుకు ఇద్దరు నీరటికాళ్లు

కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. పై చెరువు నిండితే మత్తడి దుంకుతుంది, ఆ నీళ్లు కింది చెరువులోకి చేరతాయి. తూము లేపాలంటే, రౌటర్ సెట్టింగుల్లోకి దిగేటప్పుడు కొట్టినట్టు ముందు ‘అడ్మిన్, అడ్మిన్’ అని కొట్టాలన్న శాసనం ఏ గట్టు మీదా ఇంతవరకు బయటపడలేదు. ఆ గడ్డ మీద పుట్టినవాణ్ని కనుక హన్మకొండలోని మా ఇంట్లో నెట్ పంచే డబ్బాలను, అదే రెండు రౌటర్లను గొలుసు కట్టడం నాకో లెక్కా అనుకున్నాను. నీళ్లు కింది నుంచి పైకి పారాలి, అదొక్కటే తేడా.

అవసరం చిన్నదే. హాల్లోని రౌటర్ సిగ్నల్ స్లాబు దాటి పైకి రాదు. కాంక్రీటు సగం మింగితే అందులోని ఇనుము మిగతా సగం మింగుతుంది. రౌటర్ వదిలే సిగ్నళ్లలో వేగమైనదైన ఐదు గిగాహెర్ట్జ్ సంగతైతే చెప్పనక్కర్లేదు, గోడను చూస్తేనే దానికి నీరసం. మా ఇంటావిడ మెట్ల మీద కూర్చొని సీరియల్ చూడాల్సి వస్తోంది. చౌరస్తాకు పోయి ఇంకో రౌటర్, ఇరవై మీటర్ల కేబులు తెచ్చాను. వంద మీటర్ల దాకా ఢోకా లేదని దుకాణదారు ధైర్యం చెప్పాడు. మా ఇల్లు అంత లేదని ఒప్పుకోవడానికి కొంచెం నామోషీ అయింది.

వైరు గుచ్చాను. పైన ఫోన్‌లో గీతలు నిండుగా వచ్చాయి, వాటి కింద ‘ఇంటర్నెట్ లేదు’ అని. హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేశాను.

“బాపూ, పైదాంట్ల వైరు ఏడ పెట్టినవ్?”

“ఒక్కటి వేరే రంగుల ఉన్నది గదా, అండ్ల.”

“అది వ్యాన్, బయటి నుంచి నెట్ వచ్చే రంధ్రం. తీసి ల్యాన్‌ల, అంటే ఇంట్లవాటిని కలిపే రంధ్రంల పెట్టాలె. దానికంటె ముందు దాని అడ్రస్ మార్చు. రెండిటికీ ఒక్కటే ఉన్నట్టుంది.”

నిజమే. రెండు డబ్బాలూ తమ అడ్రస్ 192.168.1.1 అనే అంటున్నాయి. ఈ 192.168 వరుసను ఎవరింట్లో వాళ్లు వాడుకోండని 1990లలోనే వదిలేశారట. మేడారం మొక్కుతో పుట్టిన పిల్లలకు సమ్మయ్య అని పేరు పెట్టుకున్నట్టే. ఊళ్లో ఇరవై మంది సమ్మయ్యలున్నా ఇబ్బంది లేదు. ఒక్క ఇంట్లో ఇద్దరుంటేనే చిక్కు. పైవాణ్ని 192.168.1.2గా మార్చాను.

అసలు పంచాయితీ ఆ తర్వాత మొదలైంది. ఊరి చెరువు కింద ఏ మడికి ఎప్పుడు తడి ఇవ్వాలో నీరటికాడు చూసుకుంటాడు. ఇంట్లో ఏ ఫోన్‌కు ఏ అడ్రస్ నంబరో పంచే నీరటికాడి పేరు డీహెచ్‌సీపీ. ప్రతి రౌటరూ తన నీరటికాణ్ని కడుపులో పెట్టుకొనే వస్తుంది. ఇద్దరూ పంపకానికి దిగితే ఒకే నంబరు రెండు ఫోన్లకు పడొచ్చు. పైవాడి చేతిలో పడ్డ ఫోన్‌కైతే నెట్‌కు దారి తన గుండానే అని చెబుతాడు, వాడి వెనక చుక్క నీరుండదు.

“పైదాంట్ల డీహెచ్‌సీపీ బంద్ చెయ్,” అన్నాడు కొడుకు.

రెండు రౌటర్ల సెట్టింగుల పేజీలూ ఒక్క తీరుగానే ఉన్నాయి. ఏది ఏదో తేలక, ఎందుకైనా మంచిదని రెండింట్లోనూ బంద్ చేశాను. ల్యాప్‌టాప్ కాసేపు ఎదురుచూసి, పంచేవాడు లేడని గ్రహించి, తనకు తానే 169.254తో మొదలయ్యే నంబరొకటి పెట్టుకుంది. ఊరి బయట గుడిసె వేసుకున్నట్టు. ఇక గుండుసూది తీసి కింది రౌటర్ వెనక రంధ్రంలో పది సెకన్లు అదిమాను. నీరటికాడు తిరిగొచ్చాడు గానీ, నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీ వాళ్లు అందులో పెట్టిన యూజర్ నేమూ పాస్‌వర్డూ కొట్టుకుపోయాయి. మూడు రోజులకు కంపెనీ పిల్లగాడు వచ్చాడు. “అంకుల్, దీన్ని ముట్టకుండ్రి,” అన్నాడు, చంటిపిల్లాడికి చెప్పినట్టు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఏమంటే, ఇంటికొక అధికారిక నీరటికాణ్ని నియమించాలి. కనీసం రౌటర్ డబ్బా మీద ‘మూడు మెట్లలో సిద్ధం’ అన్న చోట ఆ మెట్లు ఎవరింటివో రాయించాలి. పై రౌటర్‌లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ అని ఒకటుందనీ, అది ఎంచుకుంటే రెండో నీరటికాడు తనంతట తానే పక్కకు తప్పుకుంటాడనీ నాకు ఆ పిల్లగాడు పోయేముందు గుమ్మంలో చెప్పులేసుకుంటూ చెప్పాడు.

ఇప్పుడు పైన సీరియల్ ఆగకుండా వస్తోంది. నిన్న పొద్దున ఎదురింటాయన కొత్త డబ్బా చంకన పెట్టుకొని వచ్చాడు. “అన్నా, నీకు ఇవన్నీ తెలుసట గదా?”

చొక్కా జేబులో గుండుసూది ఉందో లేదో చూసుకొని బయల్దేరాను.