ఆ మసకను తుడిచేయకండి

రాక్ ఆల్బమ్ కవర్ ఫొటోలకు పదును పెంచి, గ్రెయిన్ (ఫిల్మ్ ఫొటోలో కనిపించే సన్నని చుక్కల గరుకుదనం) తీసేసి, మచ్చలు తుడిచి చూపించే ధోరణి మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. పాత కవర్లను సాఫ్ట్‌వేర్‌తో బాగుచేశామని పంచుకునేవారైనా, కొత్త ఆల్బమ్ ఫొటోలో నుదుటి మీది ముడతను కూడా ఉండనివ్వని బృందాలైనా నమ్ముతున్నది ఒకటే: స్పష్టంగా ఉంటేనే మంచి ఫొటో అని. పాస్‌పోర్టు ఫొటోకు ఆ నియమం సరిపోతుందేమో గానీ, రాక్ సంగీతపు అట్టకు సరిపోదు.

ద క్లాష్ అనే బ్రిటిష్ పంక్ రాక్ బృందం 1979లో విడుదల చేసిన ‘లండన్ కాలింగ్’ కవర్‌ను చూడండి. న్యూయార్క్‌లోని పల్లాడియంలో కచేరీ జరుగుతుండగా ఆ బృందంలోని పాల్ సిమొనన్ తన బేస్ గిటార్‌ను వేదికకేసి బద్దలు కొట్టబోతున్న క్షణాన్ని ఫొటోగ్రాఫర్ పెన్నీ స్మిత్ తీశారు. అతను తన వైపే వస్తుండటంతో ఆమె వెనక్కి జరుగుతూ షట్టర్ నొక్కారు, ఫోకస్ తప్పింది. ఇది ముఖచిత్రానికి పనికిరాదని ఆమే వాదించినా, గాయకుడు జో స్ట్రమ్మర్, డిజైనర్ రే లౌరీ పట్టుబట్టి దాన్నే అట్ట మీదికి ఎక్కించారు. అందులో సిమొనన్ ముఖం కనిపించదు. ఎడంగా నిలిచిన కాళ్లు, వంగిన వీపు, రెండు చేతులా ఎత్తిన గిటార్ మాత్రమే కనిపిస్తాయి. ఆ దెబ్బ ఎంత విసురుగా పడబోతోందో మనకు తెలిసేది ఆ మసక వల్లే. అంచులను గీత గీసినట్టు దిద్దితే గిటార్ పట్టుకుని వంగిన మనిషి మిగులుతాడు, అతని కోపం మిగలదు.

ఇది ఒక్క ఆల్బమ్‌కు కలిసొచ్చిన అదృష్టం కాదు. గాయకుడు బాబ్ డిలన్ 1966 నాటి ఆల్బమ్ ‘బ్లాండ్ ఆన్ బ్లాండ్’ కోసం జెర్రీ షాట్జ్‌బర్గ్ చలిలో, ఆరుబయట ఆయన ఫొటోలు తీశారు. ఇద్దరూ వణికిపోతుండటంతో కొన్ని ఫ్రేములు కదిలిపోయాయి. స్పష్టంగా వచ్చినవి ఉన్నా డిలన్ కదిలిన ఫ్రేమునే ఎంచుకున్నారు. తొలి ముద్రణలో ముందు అట్ట మీద ఆల్బమ్ పేరు గానీ గాయకుడి పేరు గానీ లేవు కాబట్టి, కొనేవారిని పలకరించే బాధ్యతంతా ఆ చెదిరిన ముఖం మీదే పడింది. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘రబ్బర్ సోల్’ విషయంలో రాబర్ట్ ఫ్రీమన్ తన స్లైడ్లను ఎల్‌పీ రికార్డు అట్టంత కార్డు మీద ప్రొజెక్టర్‌తో వేసి బీటిల్స్‌కు చూపిస్తుండగా, కార్డు కాస్త వెనక్కి వాలి ముఖాలు సాగినట్టు కనిపించాయి. అలాగే కావాలని వాళ్లు అడిగారు, ఆయన అలాగే ముద్రణకు సిద్ధం చేశారు. పొరపాటు అనుకోకుండా జరిగినా, దాన్ని ఉంచుకోవాలన్న నిర్ణయం మాత్రం తెలిసి చేసినదే. నేను గౌరవించేది ఆ నిర్ణయాన్ని.

అజాగ్రత్తే కళ అని నేను అనడం లేదు. బీటిల్స్ ‘అబ్బే రోడ్’ కోసం 1969 ఆగస్టు 8న ఇయాన్ మెక్‌మిలన్ నడిరోడ్డులో నిచ్చెన ఎక్కి, పోలీసు ట్రాఫిక్ ఆపి ఉంచిన కొద్ది నిమిషాల్లో ఆరే ఫ్రేములు తీశారు. నలుగురి అడుగులూ చక్కగా కుదిరిన ఐదోది అట్టకెక్కింది. ఆ పద్ధతికి ఆ స్పష్టత అవసరం. పింక్ ఫ్లాయిడ్ ‘యానిమల్స్’ కవర్ మీద, బాటర్సీ విద్యుత్ కేంద్రం పైన ఎగిరే పంది బెలూన్‌ను మరో రోజు తీసిన ఆకాశం మీద అతికించారన్న సంగతి కూడా నాకు తెలుసు, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ అతుకు తాము అనుకున్న దృశ్యాన్ని నిలబెట్టడానికి వేసినది. నేను వద్దంటున్నది ఫొటోలో ఉన్న ప్రాణాన్ని తీసేసే దిద్దుబాటును.

ఇప్పుడు కవర్ ఫోన్ తెర మీద గోరంత బొమ్మగా కనిపిస్తుంది కనుక స్పష్టత తప్పనిసరి అనే వాదన తరచూ వినిపిస్తుంది. నా దృష్టిలో అది తలకిందుల వాదన. గోరంత బొమ్మలో చర్మపు రంధ్రాలు ఎలాగూ కనిపించవు. కనిపించేవి ఆకారం, వెలుగునీడలు, భంగిమ. రాబర్ట్ మాపుల్‌తోర్ప్ సహజమైన వెలుతురులో తీసిన 1975 నాటి ‘హార్సెస్’ కవర్‌ను ఎంత కుదించినా తెల్ల చొక్కాతో, భుజాన వేసుకున్న కోటుతో నిలబడిన గాయని ప్యాటీ స్మిత్‌ను గుర్తుపడతాం. చెదిరిన ఆమె జుట్టును దిద్దుదామని రికార్డు కంపెనీ అడిగితే ఆమె ఒప్పుకోలేదు. ఆ రోజు తలూపి ఉంటే, చక్కగా దువ్విన తలతో ఎవరో ఒక గాయని మన ముందు ఉండేది.

అందుకే కొత్త ఆల్బమ్‌కు ఫొటోలు తీయించుకుంటున్న బృందాలను నేను కోరేది ఒక్కటే. ఫోకస్ తప్పిందనో, చెయ్యి కదిలిందనో పక్కన పెట్టిన ఫ్రేములను చెరిపేయించకండి. ఫొటోగ్రాఫర్ పక్కన కూర్చుని, మీ పాట వింటూ, వాటన్నిటినీ ఒక్కొక్కటిగా చూసిన తర్వాతే కవర్‌ను ఖాయం చేసుకోండి.