బడి వదిలాక జరిగేది కూడా చదువే
ఇంగ్లండ్‌లో ప్రైవేటు డే స్కూళ్లు (హాస్టల్ లేకుండా పిల్లలు రోజూ ఇంటి నుంచి వెళ్లొచ్చే బడులు) మార్కుల కోసమే పిల్లలను తోముతాయని మీరు వేసిన వ్యాసంలో రాసిన మాటతో నేను ఏకీభవించలేను. మా అమ్మాయి పదకొండో ఏట ప్రవేశ పరీక్ష రాసి అలాంటి కో-ఎడ్యుకేషన్ బడిలోనే చేరింది. పదహారో ఏట రాసే జీసీఎస్ఈ పరీక్షల ఏడాదిలో ఒత్తిడి ఉన్న మాట నిజమే. కానీ సాయంత్రం పూట వెళ్లి చూడండి. హౌస్ (బడిలో పిల్లలను విభజించే జట్టు) నాటకం కోసం పెద్ద తరగతి అబ్బాయి నేల మీద చతికిలబడి, ఇయర్ సెవెన్ (పదకొండు, పన్నెండేళ్ల) పిల్లల చేత ఓపికగా సంభాషణలు అప్పజెప్పించుకుంటూ ఉంటాడు. పక్క గదిలో ఆర్కెస్ట్రా సాధన. మన ఇంటర్‌లాంటి ఏ-లెవెల్‌లో మా అమ్మాయి గణితం, భౌతికశాస్త్రంతో పాటు చరిత్ర కూడా తీసుకుంది. మన ఇంటర్ ఎంపీసీలో చాలాకాలం ఆ వీలే లేదు. నా బాధ వేరు. 2025 జనవరి నుంచి ఫీజుల మీద 20 శాతం వ్యాట్ పడింది. మాకు తెలిసిన ఒక కుటుంబం ఆ భారం మోయలేక బాబును ప్రభుత్వ బడికి మార్చింది. చదువుకు లోటేమీ లేదు, పాపం వాడు నేర్చుకుంటున్న చెల్లో (వయొలిన్ లాంటి పెద్ద వాద్యం) పాఠాలే ఆగిపోయాయి. ఈ పన్ను డబ్బుతో ప్రభుత్వ బడులకు 6,500 మంది ఉపాధ్యాయులను తెస్తామని అక్కడి ప్రభుత్వం చెప్పింది కదా, వారిలో సంగీతం, నాటకం నేర్పేవాళ్లు కూడా తప్పకుండా ఉండాలి.