మైకులో పిలిచిన ఏడో పేరు

గత డిసెంబరులో సేవా దినాల కోసం హైదరాబాదు వెళ్లిన మన ప్రవాస తెలుగు సంఘ సభ్యులకు ఎల్బీ నగర్ ఫంక్షన్ హాలులో జరిగిన కుట్టుమిషన్ల పంపిణీ గుర్తుండే ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు అన్నీ సక్రమంగానే జరిగాయి. ఆ తరువాత ‘హెచ్‌ఐవీ బాధిత మహిళలకు చేయూత’ అని పెద్ద అక్షరాలతో రాసిన బ్యానరు ముందుకు ఒక్కొక్కరినీ ఇంటిపేరుతో సహా మైకులో పిలిచి ఫొటోలు తీశారు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నవారిని “కాస్త నవ్వండమ్మా” అన్నారు. ఏడో పేరుకు ఎవరూ లేవలేదు. ఆ పేరు మా బాబాయి కూతురిది. బ్యానరు సంగతి కనుక్కోకుండా, “మిషను ఇస్తారు రామ్మా” అని చెప్పి జాబితాలో చేర్పించినవాణ్ణి నేనే.

ఇది రాసే ముందు మాత్రం ఆమెను అడిగాను. “పేరు రాయొద్దు అన్నయ్యా, వీధి రాయొద్దు. మిగతాది నీ ఇష్టం” అన్నది.

1997లో ఆమె సంబంధం విచారించినవారిలోనూ నేనున్నాను. సెలవు మీద వచ్చి, పిల్లవాడి గోత్రం, జీతం, ఉప్పల్‌లో వాళ్ల స్థలం కాగితాలు, చివరికి ఆ ఇంట్లో ఎవరికైనా చక్కెర వ్యాధి ఉన్నదా అన్న సంగతి కూడా ఆరా తీశాను. నెలకు ఇరవై రోజులు క్యాంపులు తిరిగే ఉద్యోగమంటే బత్తా బాగా వస్తుందని సంతోషించామే గానీ, ఆ ఇరవై రోజుల గురించి అడగడం మర్యాద కాదనుకున్నాం. కట్నంలో కొంత నా డాలర్లు, మిగతాది బాబాయి చేసిన అప్పు. మూడేళ్లకు ఆమె కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో విషయం బయటపడింది. పరీక్ష ముందు ఆమెకే జరిగింది కనుక జబ్బు ఆమే తెచ్చిందని అత్తవారు తీర్మానించారు. భర్త పరీక్షకే వెళ్లలేదు, 2002లో పోయాడు. ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది 2004 ఏప్రిల్‌లో. భర్త పోయిన పదో రోజున ఆమె గాజులతో పాటు బీరువా తాళంచెవి కూడా తీసుకున్నారు. ఇల్లు మామగారి పేర ఉంది, నగలు అత్తగారి లాకరులో ఉన్నాయి.

మన వేదికల మీద వక్తలు దీనికంతటికీ అవగాహన లేకపోవడమే కారణమంటారు. కానీ ఆమెకు భర్త మీద అనుమానం పరీక్షకు ఏడాది ముందే వచ్చింది. “కండోమ్ మాట ఎత్తితే నన్నే అనుమానిస్తారు, పుట్టింటికి పోదామంటే నాన్న అప్పు ఇంకా తీరలేదు” అనుకుని ఊరుకున్నది. తెలిసీ కాదనలేకపోవడానికి కారణం చేతిలో తనదంటూ రూపాయి గానీ, పోయి తలదాచుకోవడానికి గది గానీ లేకపోవడం. 2023 అంచనాల ప్రకారం దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు 25 లక్షలకు పైనే. వారిలో స్త్రీలు సుమారు 44 శాతం. వీరిలో చాలామందికి అది భర్త ద్వారానే సోకింది.

పెళ్లి పద్ధతుల మీద నేను కత్తి కట్టలేదు. నా కూతురికీ జాతకం చూపించాను. అయినా పడకగది విషయం అడగడానికి సిగ్గుపడే మనం పొలం పాస్‌బుక్కు అడగడానికి ఏనాడూ సిగ్గుపడలేదు.

ఇప్పుడామె ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ఉస్మానియా ఆసుపత్రిలోనైనా గాంధీలోనైనా మందులు ఉచితమే, కానీ తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు కూలి పోతుంది. సీసా మీది చీటీని గోటితో గీకేసి, మాత్రలు గలగలలాడకుండా దూది కుక్కి, పోపుల డబ్బా వెనుక దాస్తుంది. క్రమం తప్పక వేసుకుంటే వైరస్ పరీక్షకు అందనంత తగ్గిపోతుందని, అప్పుడు సంసారంలో మరొకరికి సోకదని తెలియని ఇంటి యజమాని ఆ చీటీ చూస్తే గది ఖాళీ చేయమంటాడు.

బాధితులను ఇంట్లోంచి వెళ్లగొట్టరాదని, నమ్మి చెప్పిన సంగతిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టరాదని చెప్పే చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఆమెను గెంటేసిన నాటికి అది లేదు. మన బ్యానరు కట్టిన నాటికి ఉంది.

కార్యకర్తల మనసును నేను శంకించడం లేదు; మిషన్లూ పనికొచ్చేవే, వాటిని నేరుగా ఇళ్లకు పంపండి. ఈ డిసెంబరు పద్దులో బ్యానరుకూ శాలువాలకూ పోయే డబ్బును వకీలు ఫీజుకు, ఒంటరి స్త్రీకి అద్దె అడ్వాన్సుకు, మందుల రోజున పోయే కూలికి మళ్లించండి. చెల్లెళ్ల పెళ్లిళ్లకు మనం పంపే డాలర్లు పిల్ల పేర ఖాతాలో వేసి, పుస్తకం ఆమె చేతికే ఇవ్వండి. ముహూర్తానికి ముందు ఇద్దరూ ఇష్టపడి రక్తపరీక్ష చేయించుకునేలా చూడండి. మగపెళ్లివారిని అడగడానికి మొహమాటమైతే నన్ను పిలవండి, వచ్చి నేనే అడుగుతాను.