దివిసీమ జనం మొండితనం వల్ల చనిపోలేదు

ప్రతి ఏడాదీ నవంబరు 19 దగ్గర పడగానే దివిసీమ ఉప్పెన మీద ఒక మెసేజ్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. క్లుప్తంగా అందులో ఉండేది ఇది: 1977లో తుఫాను వస్తోందని రేడియోలో చెప్పినా అక్కడి జనం చదువు లేక, మూఢనమ్మకాలతో ఇళ్లు వదల్లేదు. అంతా దేవుడే చూసుకుంటాడనుకున్నారు. అలాంటి ఉప్పెన అంతకు ముందు ఎన్నడూ రాలేదు, ఎవరూ ఊహించలేరు. ఇన్నేళ్లయినా తీరంలో వాళ్లకు బుద్ధి రాలేదు, చేతిలో ఫోను ఉండి కూడా కదలరు, కాబట్టి పోతే వాళ్ల తప్పే.

పోయినసారి ఇది మా బంధువుల గ్రూపులోకే వచ్చింది. పంపినవాళ్లు చెడ్డవాళ్లు కారు, పోయినవాళ్లకు నివాళి అనుకునే పంపారు. కానీ ఆ గ్రూపులో మా అమ్మ ఉంది. ఉప్పెన నాటికి అమ్మకు నాలుగేళ్లు. ఆమె ఏమీ అనలేదు, ఫోను పక్కన పెట్టేసింది. అందుకే నేను రాస్తున్నాను.

మొదట ఆ హెచ్చరిక సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి.

1977 నవంబరులో మన దేశానికి ఆకాశంలో సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. ఇన్‌శాట్‌లు 1980లలో వచ్చాయి. తుఫాను ఎక్కడ ఉంది, ఎటు తిరుగుతుంది అన్నది సముద్రంలో ఉన్న ఓడలు చెప్పే మాట మీద, అందిన కొద్ది చిత్రాల మీద అంచనా వేయాల్సిందే. పైగా సరిగ్గా వారం ముందు, నవంబరు 12న, ఇంకో తుఫాను తమిళనాడులో నాగపట్నం దగ్గర తీరం దాటి వందల మందిని పొట్టన పెట్టుకుంది. అందరి కళ్లూ ఇంకా అటే ఉన్నాయి. ఇక ఊళ్ల సంగతి. ఎన్ని ఇళ్లలో రేడియో ఉండేదప్పుడు? ఉన్నా, గాలివాన మొదలయ్యాక అందులో గరగర తప్ప ఏం వినిపిస్తుంది?

అయినా మా అమ్మమ్మ వార్త విన్నది. ఇదే నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట. ఆమె విన్నది, నమ్మింది, చేయాల్సింది కూడా చేసింది. వాళ్లకు తెలిసిన తుఫాను అంటే గాలి. 1969లో మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఆంధ్ర తీరాన్ని తుఫానులు కొట్టాయి. గాలికి ఏం చేయాలో ఆ అనుభవం నేర్పింది. పాత వలలు తెచ్చి పూరికప్పు మీద పరిచి తాళ్లతో బిగించారు. పిల్లలను లోపలికి తెచ్చుకుని, తలుపు గడియ పెట్టి, వెనకాల ధాన్యం బస్తా అడ్డం వేశారు. గాలికి తలుపు ఊడిపోతే ఇంటి కప్పు లేచిపోతుందని వాళ్లకు తెలుసు. అది తెలివైన పనే.

వచ్చింది గాలి మాత్రమే అయితే బతికేవాళ్లు. ఆ శనివారం సాయంత్రం సముద్రం లేచి వచ్చింది. కొన్నిచోట్ల 5, 6 మీటర్ల ఎత్తున. మట్టిగోడల ఇంట్లో, లోపలికి తెరుచుకునే తలుపు వెనక, బస్తా తడిసి బరువెక్కి కదలకపోతే మనిషి ఏం చేయగలడు? మా తాత కప్పు చీల్చి అమ్మను పైకి అందించాడు. అమ్మమ్మ కప్పుతో పాటే కొట్టుకుపోయి తుమ్మచెట్టుకు తగులుకుంది. చీర చెంగుతో బిడ్డను కొమ్మకు కట్టి, తెల్లారేదాకా ముళ్లను పట్టుకునే ఉంది. తాత దొరకలేదు. మా పెద్దమామయ్యా దొరకలేదు. ఆయనకు అప్పుడు ఏడేళ్లు.

"గాలివాన వస్తందన్నారు గానీ, సముద్రం వస్తందని ఎవుళ్లూ చెప్పలేదురా" అంటుంది అమ్మమ్మ ఇప్పటికీ. ఈ ఒక్క మాట చాలు ఆ మెసేజ్‌ను ఆపడానికి. గాలి వస్తే ఇంట్లో ఉండాలి. నీళ్లు వస్తే ఇల్లు వదలాలి. రెండూ ఒకదానికొకటి ఎదురు. ఏది రాబోతోందో చెప్పకుండా 'తుఫాను' అని ఒక్క మాట అంటే, విన్నవాడు తనకు తెలిసిన తుఫానుకే సిద్ధపడతాడు.

దివిసీమకే అంత నీళ్లు ఎందుకు వచ్చాయన్నదానికీ కారణం ఉంది, దైవాగ్రహం కాదు. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చి తీరం దాటుతున్నప్పుడు, దాటే చోటుకు కుడివైపు, అంటే మన తీరంలో ఉత్తరం వైపు, గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. ఎడమవైపు నేల నుంచి సముద్రంలోకి తోస్తుంది. అప్పుడు తుఫాను చీరాల వైపు తీరం దాటింది. దివిసీమ సరిగ్గా కుడిచేతి వైపు ఉంది. దానికి తోడు తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, నేల అరచేయిలా చదును. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతమంతా కృష్ణ మోసుకొచ్చి పరిచిన ఒండ్రుమట్టి. నీటిని ఆపే గట్టు గానీ గుట్ట గానీ లేదు. పది, పన్నెండు కిలోమీటర్లు దాటి లోపలికి వచ్చాయి నీళ్లు.

సరే, హెచ్చరిక పూర్తిగా అందిందనే అనుకుందాం. ఎక్కడికి వెళ్లాలి? మెసేజ్ రాసినవాళ్లు ఈ ప్రశ్న వేసుకున్నట్టు లేదు. దివిసీమ రెండు కృష్ణ పాయల మధ్య, ఒక పక్క సముద్రం. తీర గ్రామాల్లో ఎక్కువగా పూరిళ్లే. తుఫాను షెల్టర్ అన్న మాటే అప్పుడు జనానికి తెలియదు. ఇప్పుడు మనం చూసే స్తంభాల మీద కట్టిన ఆ షెల్టర్లు ఉప్పెన తరువాత, ఆ శవాలు చూశాక, ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ కలిసి కట్టినవి. 'పొమ్మన్నా పోలేదు' అనాలంటే ముందు పోవడానికి ఒక చోటు ఉండాలి.

అది వరి చేతికొచ్చే కాలం కూడా. కోతల పనికి వేరే ఊళ్ల నుంచి కూలీలు వచ్చి ఉన్నారని, వాళ్లలో చాలామంది ఏ లెక్కలోకీ ఎక్కలేదని పెద్దవాళ్లు చెబుతారు. పోయినవాళ్లు పదివేల దరిదాపుల్లో అని అధికారిక లెక్కలే చెబుతున్నాయి. జనం అంతకు రెండింతలు, మూడింతలు అంటారు. రేషన్ కార్డు లేని మనిషి పోతే పోయినట్టు రాసేదెవరు?

'దేవుడే చూసుకుంటాడనుకున్నారు' అన్న మాటకు వస్తాను. మత్స్యకారులు గంగమ్మకు మొక్కుతారు, నిజమే. మొక్కి, ఆ వెంటనే పడవను ఇసుక మీద పైకి లాగి గుంజకు కడతారు. సముద్రంలో అల తీరు మారితే, గాలి పక్కకు తిరిగితే వేట మానుకుని వెనక్కి వచ్చేస్తారు. ఒకటి చేస్తే ఇంకోటి చేయరని ఎవరన్నారు? ఆపరేషన్‌కు ముందు దణ్ణం పెట్టుకునే డాక్టర్‌ను చూసి ఎవరూ మూఢుడు అనరు. బెస్తవాడు కొబ్బరికాయ కొడితే మాత్రం అంటారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే తేడా.

'అంతకు ముందు ఎన్నడూ రాలేదు' అన్నది పచ్చి అబద్ధం. ఉప్పెన అనే మాటే మన భాషలో పాతది, దేన్ని చూసి పెట్టుకున్నారు ఆ పేరు? 1864 నవంబరులో మచిలీపట్నం మీద పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. అంతకు ముందు కాకినాడ పక్కన కోరంగిని 1789లో ఒకసారి, 1839లో ఒకసారి సముద్రం ముంచింది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవది, ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్లే ఊరు. ఇంకో సంగతి, ఒకే మెసేజ్‌లో 'ముందే చెప్పినా వినలేదు' అనీ 'ఎవరూ ఊహించలేరు' అనీ రెండూ ఉన్నాయి. రెండూ ఒకేసారి నిజం కాలేవు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. 1864 నుంచి 1977కి నూట పదమూడేళ్లు. నాలుగు తరాలు. మచిలీపట్నానికి అంత దగ్గర ఉండి కూడా ఆ సంగతి మా అమ్మమ్మకు ఎవరూ చెప్పలేదు. అంటే జ్ఞాపకం తెగిపోయింది. దాన్ని మొండితనం అనకూడదు. జ్ఞాపకాన్ని నిలబెట్టే పని ఎవరూ చేయలేదు అనాలి. చేస్తే ఏమవుతుందో ఇండోనేషియాలో సిములుయె అనే దీవి చూపించింది. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామంది పోయారు. ఆ దీవివాళ్లు దానికి 'స్మోంగ్' అని పేరు పెట్టుకుని, నేల గట్టిగా ఊగి సముద్రం వెనక్కి పోతే కొండెక్కమని పాటల్లో, జోలల్లో, కథల్లో పిల్లలకు చెబుతూ వచ్చారు. 2004 డిసెంబరు 26న భూకంప కేంద్రానికి అతి దగ్గరగా ఉన్న ఆ దీవిలో, డెబ్బై వేలకు పైగా జనాభాలో, పోయింది ఏడుగురు. అక్కడ సైరన్ మోగలేదు, ఫోనూ రాలేదు.

మరి మనవాళ్లు నేర్చుకోలేదా? 1990 మే 9న మళ్లీ అదే కృష్ణా ముఖద్వారం దగ్గర, గాలి తీవ్రతలో 1977కు ఏమాత్రం తీసిపోని తుఫాను వచ్చింది. ఈసారి ఉప్పెన అంత ఎత్తుకు లేవలేదు, అదీ చెప్పాలి. అయినా తేడా చూడండి. ఆరు లక్షలకు పైగా జనం ముందే ఇళ్లు వదిలారు. పోయినవాళ్లు వెయ్యిలోపు, 967. అది కూడా చిన్న సంఖ్య కాదు, ప్రతి ఒక్కటీ ఒక ఇల్లు. కానీ పదమూడేళ్లలో అదే జనం, అదే తీరం. మారింది ఏమిటి? ఉపగ్రహం వచ్చింది, తీర గ్రామాలకు నేరుగా హెచ్చరిక పంపే యంత్రాలు వచ్చాయి, షెల్టర్లు లేచాయి, బస్సులు పెట్టారు. అన్నిటికంటే ముందు, ప్రతి ఇంట్లో ఉప్పెన చూసిన మనిషి ఒకరున్నారు. లేవండి అనగానే ముందు లేచింది వాళ్లే. మా వైపు ఈడు చెప్పాలన్నా 'ఉప్పెన ఏడు పుట్టాడు', 'ఉప్పెనకు ముందే పెళ్లయింది' అనే అంటారు. ఇది మరిచిపోయినవాళ్లు మాట్లాడే తీరు కాదు.

1996 నవంబరు 6 కోనసీమ తుఫాను కూడా ఇదే చెబుతుంది. అందులో వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ల నుంచి వేటకు వెళ్లినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. సముద్రంలో ఉన్న పడవకు కబురు చేరే దారి లేకపోతే, ఒడ్డున ఎన్ని మైకులు అరిచినా ఏం లాభం? అక్కడా మొండితనం వెతకాలా?

ఇక చివరిది, 'ఫోను ఉండి కూడా కదలరు'. కొందరు కదలరు, నిజం. కారణం అడిగి చూడండి. పాలిచ్చే గేదె ఇంటికి ఆధారం, షెల్టర్లోకి దాన్ని రానివ్వరు. 1977లో పశువులు లక్షల్లో పోయాయి, ఆ తరువాత ఏళ్ల తరబడి కోలుకోని ఇళ్లు మాకు తెలుసు. పడవ, ఇంజను, వలలు అప్పు చేసి కొన్నవి. మంచం మీదున్న ముసలాయన్ని మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. షెల్టర్లో వంద మంది ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి, అందులో నీళ్లు రావు. అదీ కాక 2013 నవంబరులో లెహర్ తుఫాను అని ఊళ్లు ఖాళీ చేయించారు, అది బలహీనపడి వాయుగుండంగా మచిలీపట్నం దగ్గర దాటింది. ఖాళీ చేయించడం సరైన పనే. కానీ రెండు రోజుల కూలి పోయినవాడు వచ్చేసారి ఆలోచిస్తాడు. ఆ కూలి ఇప్పించండి, గేదెకు ఎత్తు మీద చోటు చూపించండి, అప్పుడు చూడండి ఎవరు కదలరో. కట్టి ముప్పై, నలభై ఏళ్లయి చువ్వలు బయటపడ్డ షెల్టర్లలో తల దాచుకోమంటే భయపడటం అజ్ఞానం అవుతుందా? నాగాయలంక దగ్గర కృష్ణ పాయల మధ్య ఉన్న ఎదురుమొండి దీవుల జనం వంతెన కోసం ఎన్నేళ్లుగా అడుగుతూ వచ్చారో తెలుసా? గాలి పెరిగితే పంటు, అంటే ఏరు దాటించే పడవ, ఆగిపోతుంది. ఆ తరువాత ఫోనుకు ఎన్ని మెసేజ్‌లు వస్తే ఏం?

2025 అక్టోబరు 28న మొంథా తుఫాను వచ్చినప్పుడు నేను విజయవాడలో టెన్షన్‌తో అమ్మమ్మకు పొద్దున్నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదు. మధ్యాహ్నం పక్కింటివాళ్లు ఎత్తి చెప్పారు. గేదెను ముందురోజే కరకట్ట మీద తెలిసినవాళ్ల దొడ్డికి తోలించిందట. రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, మందులు, ఒక నులక తాడు ఎప్పుడూ ఆమె మంచం కింద సంచిలో ఉంటాయి, ఆ సంచి పట్టుకుని బడికి వెళ్లిపోయిందట. మైకు పెట్టిన ఆటో మా వీధిలోకి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. తలుపు తీసే ఉంది. నలభై ఎనిమిదేళ్లుగా గాలివాన రోజున ఆ ఇంటి తలుపుకు గడియ పెట్టనివ్వలేదు ఆవిడ.