పౌరుడని తేల్చే కాగితం ఏది?

నువ్వు ఈ దేశ పౌరుడివేనా అని ఎవరైనా అడిగితే ఏ కాగితం చూపించాలి? ఆధార్ చూపిస్తే కుదరదు. అది పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టం 9వ సెక్షనే చెబుతోంది. 2025 జూన్‌లో బిహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలయ్యాక ఈ ప్రశ్న ఇంటింటికీ వెళ్లింది. ఎన్నికల సంఘం చెప్పిన 11 పత్రాల్లో ఒక్కటైనా దొరుకుతుందా అని జనానికి ఒకటే టెన్షన్. సెప్టెంబరులో ఆధార్‌నూ 12వ పత్రంగా తీసుకోమని సుప్రీంకోర్టు ఆదేశించింది. అదీ గుర్తింపు కోసమే తప్ప పౌరసత్వానికి కాదని స్పష్టం చేసింది.

మొదట్లో లెక్క ఇంత చిక్కుగా లేదు. గణతంత్రం ఏర్పడేనాటికి పౌరులెవరో 5 నుంచి 11 దాకా అధికరణల్లో చెప్పి, ఆ తర్వాతి సంగతి చూసుకొమ్మని పార్లమెంటుకు వదిలింది రాజ్యాంగం. అలా వచ్చిందే 1955 పౌరసత్వ చట్టం. కొత్త ప్రాంతం దేశంలో కలిస్తే అక్కడివారూ పౌరులవుతారని అందులో రాశారు కాబట్టే యానాం వాసులకు పౌరసత్వం వచ్చింది. ఇక 1950 జనవరి 26 తర్వాత ఈ గడ్డ మీద పుట్టినవారంతా, దౌత్యవేత్తల పిల్లల వంటి కొద్దిమంది తప్ప, భారతీయులే. తల్లిదండ్రులెవరని అడిగే పనే లేదు.

విదేశీయులను పంపించేయాలంటూ సాగిన అస్సాం ఆందోళన తర్వాత 1986లో చట్టం మారింది. 1987 జులై 1 నుంచి పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలన్నారు. 2003 సవరణతో ఇంకా బిగించారు. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవారికి తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు.

మన పల్లెల్లో బడిలో చేర్చేటప్పుడు పిల్లాడి పుట్టినరోజు తల్లికి గుర్తులేకపోతే, మాస్టారే జూన్ 1 అనో జులై 1 అనో రాసేసేవారు. ఆయన ఉజ్జాయింపుగా 1987 జులై 1 అని రాసి ఉంటే, ఆ పిల్లాడు నిజానికి మేలో పుట్టినా ఇప్పుడు అమ్మానాన్నల కాగితాలు కూడా తవ్వి తీయాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటే ఆ తిప్పలు వేరు. అస్సాంలో ఇలాంటి తనిఖీల తర్వాత 2019 ఆగస్టు 31న వెలువడిన పౌరుల జాబితాలో (ఎన్‌ఆర్‌సీ) 19 లక్షల మందికి పైగా పేర్లు గల్లంతయ్యాయి. వారి సంగతి ఏళ్లు గడిచినా తేల్చలేదు.

అదే ఏడాది డిసెంబరులో వచ్చిన సవరణ పాకిస్థాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్థాన్‌ల నుంచి 2014 చివరిలోగా వచ్చిన ఆరు మతాలవారికి తలుపు తెరిచింది. వారికి నివాస కాలం షరతును 11 ఏళ్ల నుంచి 5కు తగ్గించింది. హింసకు తాళలేక వచ్చినవారికి ఆశ్రయం ఇవ్వాల్సిందే. కానీ ఆ ఆశ్రయానికి మతం కొలబద్ద కావడాన్ని మేం సమర్థించలేం. ముస్లింలను పక్కనపెట్టిన ఆ గీత 14వ అధికరణ చెప్పే సమానత్వానికి పొసగదు.

అంతకన్నా లోతైన సమస్య రుజువు భారం. విదేశీయుడివని అనుమానం వస్తే, కాదని ఆ మనిషే నిరూపించుకోవాలని 1946 విదేశీయుల చట్టం చెప్పింది. దాని స్థానంలో 2025లో తెచ్చిన చట్టమూ ఆ భారాన్ని అక్కడే ఉంచింది. దొంగతనం కేసులో కూడా నేరం రుజువు చేయాల్సింది ప్రభుత్వమే కదా! జనన ధ్రువపత్రం ఉంటే చాలదా అంటారేమో. అందులో బిడ్డ ఎప్పుడు, ఎక్కడ పుట్టిందో ఉంటుంది. తల్లిదండ్రుల పౌరసత్వాన్ని మాత్రం అది తేల్చదు. 2004 తర్వాత పుట్టినవారికి చట్టం అడిగేది సరిగ్గా అదే.

పౌరసత్వానికి ఏయే పత్రాలు రుజువో పార్లమెంటు చట్టంలోనే రాయాలి. దశాబ్దాలుగా ఓటరుగా ఉన్న మనిషిని శంకించేటప్పుడు ఆధారం చూపాల్సిన బాధ్యత అధికారిదే కావాలి. ఈ రెండూ జరగనిదే ఏ రాష్ట్రంలోనూ పౌరసత్వ తనిఖీలకు దిగకూడదు.