వీడియో తీయించే ముందు వాక్యం చదివించాలి

సాహిత్య పాఠానికి వీడియో ప్రాజెక్టు ఇస్తే చాలాసార్లు చేతికొచ్చేది పది నిమిషాల నాటిక. కథ మొదట్నుంచీ చివరిదాకా ఉంటుంది, వెనక విషాద సంగీతం మోగుతుంది, ఆఖర్న పేర్లు పడతాయి. పిల్లలు కష్టపడ్డారని తెలుస్తూనే ఉంటుంది. కానీ వాళ్లు కథ చదివారో, ఎవరైనా చెబితే విన్నారో ఆ వీడియో చూసి పోల్చుకోలేం. తప్పు వాళ్లది కాదు, ఇచ్చిన పనిది. ‘ఈ కథను వీడియో తీయండి’ అంటే ఎవరైనా ఏం జరిగిందో చూపిస్తారు. రచయిత దాన్ని ఎలా చెప్పారో చూపించమని ఎవరూ అడగలేదు.

అందుకే చిన్న ముక్క ఇవ్వాలి. కథలోంచి 150 నుంచి 200 మాటల భాగం, లేదంటే ఒక్క పద్యం. నిడివి రెండు నిమిషాలు, మహా అయితే మూడు. నింపాదిగా పైకి చదివితే నిమిషానికి సుమారు 100 మాటలు నడుస్తాయి. మౌనానికీ చోటుండాలనుకుంటే 150 మాటల దగ్గర ఆగడమే మేలు. గ్రూపుకు నలుగురు చాలు. ఆరుగురైతే ఇద్దరు ఊరికే నిలబడి చూస్తారు.

చదవడమనే పని జరిగేది షాట్ల పట్టికలో. కాగితం మీద మూడు గళ్లు గీయించాలి: పాఠంలోని వాక్యం, తెర మీద కనిపించేది, అదే ఎందుకు. మూడో గడి నిండని షాటు తీయకూడదు. ‘ఆమె ఏమీ అనలేదు. దీపం వత్తి కొంచెం తగ్గించింది’ అని కథలో ఉందనుకుందాం. ఆమె ముఖం క్లోజప్‌లో పెట్టి కన్నీళ్లు చూపిద్దామని గ్రూపు వెంటనే అంటుంది. కన్నీళ్లు ఏ వాక్యంలో ఉన్నాయని అడగాలి. ఎక్కడా లేవు. రచయిత ముఖం జోలికే పోలేదు, చేతిని చూపించారు. అది కోపమో, అలసటో, మాట దాటెయ్యడమో తేల్చకుండా వదిలేశారు. వత్తి తగ్గించే వేళ్లు మాత్రమే చూపించి, వెలుగు తగ్గేకొద్దీ ఎదుటి మనిషి ముఖం మసకబారేలా తీస్తే ఆ తేలనితనం అలాగే నిలుస్తుంది. ఈ ఒక్క షాటు మీద చర్చకు పీరియడ్‌లో సగం పోయినా పోనివ్వాలి. ప్రాజెక్టు మొత్తంలో సాహిత్యం నేర్చుకునే ఘడియ ఇదే.

కెమెరా ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న కూడా చదువే. కథ ఎవరు చెబుతున్నారు, ఎవరి కళ్లతో చూస్తున్నాం అన్నవి వేర్వేరు ప్రశ్నలని ఫ్రెంచ్ విమర్శకుడు జెరార్ జెనెట్ 1972లో విడదీసి చెప్పాడు. తరగతిలో ఆ తేడా చెప్పడానికి పేజీలు కావాలి, ఫోను చేతిలో ఉంటే నిమిషంలో తెలుస్తుంది. ‘నేను’ అని సాగే కథలో ఆ ‘నేను’ లేని గదిలోకి కెమెరా వెళ్లిందంటే పిల్లలు ఇంకో కథ తీస్తున్నట్టే.

ఉపమానాల దగ్గర అందరూ ఒకేలా జారిపడతారు. ‘వార్త ఊరంతా నిప్పులా పాకింది’ అన్న వాక్యానికి ఇంటర్నెట్‌లోంచి మంటల క్లిప్పు తెచ్చి అతికిస్తారు. అది ఉపమానాన్ని ఒంటరిగా నిలబెట్టడం. సమానధర్మం, అంటే రెంటికీ పోలిక కుదిరిన గుణం, ఏమిటి? ఇక్కడ వేడి కాదు, పాకడం. ఒక ముఖం ఇంకో ముఖం వైపు తిరగాలి, ఆ ముఖం మరో ముఖం వైపు తిరగాలి, ఒక్కో షాటు ముందుదానికంటే పొట్టిగా ఉండాలి. మంట కనిపించకుండానే నిప్పు పాకుతుంది. ఒకే నటుడి ముఖం పక్కన సూపు గిన్నె పెడితే ఆకలినీ, శవపేటిక పెడితే దుఃఖాన్నీ ప్రేక్షకులు చూశారన్న సోవియట్ సినీ దర్శకుడు కులెషోవ్ ప్రయోగానికి దాదాపు వందేళ్లు. అర్థం రెండు షాట్ల మధ్య పుడుతుందన్నది అందులోని కీలకం. ఉపమాలంకారం పనిచేసేదీ అలాగే.

పద్యమైతే పట్టిక కంటే ముందు అన్వయం, అంటే మాటలను మామూలు వాక్యం వరుసలో పెట్టి, రాయించాలి. కర్త మొదటి పాదంలో, క్రియ నాలుగో పాదంలో ఉండటం పద్యానికి మామూలే. అన్వయం కుదరనివాళ్లు పాదానికో షాటు చొప్పున నాలుగు షాట్లు తీస్తారు, మాట సగంలో బొమ్మ మారిపోతుంది. షాటు మారాల్సింది భావం విరిగే చోట. గొంతు ఆగాల్సిందీ అక్కడే.

చిత్రీకరణకు ఒక పీరియడ్ చాలు. ఫోను అడ్డంగానే పట్టుకోవాలి, కిటికీకి ఎదురుగా తీయకూడదు. ఎక్కువగా చెడేది ధ్వని. మూడు మీటర్ల దూరంలోని ఫోను మాట కంటే గది మోతనే ఎక్కువగా పట్టుకుంటుంది. చదివే గొంతును విడిగా, నోటికి జానెడు దూరంలో, బట్టలూ కర్టెన్లూ ఉన్న గదిలో రికార్డు చేయాలి. 1080పీలో తీసిన వీడియో నిమిషానికి 60 నుంచి 130 మెగాబైట్లు తింటుంది కాబట్టి ముందే ఫోనులో చోటు చూసుకోవాలి. సంగీతం మొదటి కూర్పులో అసలే వద్దు. విషాదం వాక్యంలోంచి రాకముందే వయొలిన్‌లోంచి వస్తే ఇక వాక్యాన్ని ఎవరూ వినరు.

వీడియోను బయట పెట్టాలనుకుంటే రచన హక్కులు చూడాలి. రచయిత మరణించాక కనీసం 50 ఏళ్లు హక్కులుంటాయని అంతర్జాతీయ కాపీరైటు ఒప్పందమైన బెర్న్ ఒప్పందం చెబుతుంది. చాలా దేశాల్లో అది 60 లేదా 70 ఏళ్లు. పిల్లల ముఖాలు కనిపిస్తే తల్లిదండ్రుల అనుమతి తప్పదు.

20 మార్కుల్లో 10 షాట్ల పట్టికకే ఇవ్వాలి. చదివిన తీరుకు 4, షాట్లకూ ఎడిటింగ్‌కూ కలిపి 3, మిగతా 3 మౌఖిక ప్రశ్నకు. ఎడిటింగ్ వచ్చిన ఒక్కరే పనంతా భుజాన వేసుకోవడం గ్రూపుల్లో పాత జబ్బు. అందుకే ఆ ప్రశ్న ఒక్కో విద్యార్థికి తాను తీయని షాటు గురించే ఉండాలి: ఇది ఏ వాక్యానిది, ఇలాగే ఎందుకు తీశారు?

ప్రదర్శన రోజున వీడియోను మొదట ధ్వని లేకుండా వేయాలి. మిగతా తరగతి పాఠం తెరిచి ఏ షాటు ఏ వాక్యానిదో పెన్సిలుతో గుర్తు పెట్టాలి. గుర్తులు కలవని చోట ఆపి, పుస్తకంలోని ఆ వాక్యాన్ని మళ్లీ పైకి చదవాలి.