మా అమ్మని దుప్పటి మీంచి లేపేశారు

ఇప్పుడే గృహప్రవేశం నుంచి వచ్చాం. భోజనం చెయ్యకుండా వచ్చేశాం. చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నాను, మార్చుకునేలోపు కోపం చల్లారిపోతుందేమోనని.

మా అమ్మకి కిడ్నీలు పోయాయి, డయాలసిస్ మీద ఉంది, ఒళ్లంతా ఒకటే దురద. హాల్లో పరిచిన దుప్పటి మీద ఆవిడ చతికిలబడిందో లేదో, వరసకి పిన్ని అయ్యే ఒకావిడ పరుగున వచ్చింది. "అక్కా, ఏమనుకోకే, నువ్వా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చో. ఇక్కడ చంటిపిల్లలు పొర్లుతారు కదా" అంది, అందరూ వింటుండగా. అమ్మ "అవునవును" అని నవ్వుతూ లేచింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడితో ఆగిందా? వేపాకు కాచిన నీళ్లలో గాయాలు కడిగే ఆ గోధుమరంగు మందు రెండు మూతలు కలిపి, సున్నిపిండి పెట్టి గట్టిగా రుద్దితే దురద వారంలో పోతుందట. "శుభ్రంగా ఉంటే ఇవన్నీ ఎందుకొస్తాయక్కా" అని చివర్లో ఒక చురక.

శుభ్రం! డయాలసిస్‌కి వెళ్లిన ప్రతిసారీ ఫిస్ట్యులా చెయ్యి (సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చెయ్యి) సబ్బుతో కడుక్కుంటే గానీ మంచం ఎక్కదు మా అమ్మ. ఆవిడకా శుభ్రం చెప్పేది!

పోనీ ఈవిడ ఏమీ తెలియని చోట పుట్టిందా అంటే అదీ కాదు. శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు. ఉద్దానం. కిడ్నీ పేషెంటు లేని వీధి కోసం వెతుక్కోవాల్సిన చోటు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం తెరిస్తే మా ఫ్యామిలీ గ్రూపులో పూలగుత్తుల బొమ్మలు పెట్టింది కూడా ఈవిడే. అక్కడి జబ్బుకి కారణం నీళ్లా, ఎండలో చాకిరీనా, పురుగుమందులా అని ఇన్నేళ్లుగా సైంటిస్టులు తలలు పట్టుకుంటున్నారు. పిన్నిని అడిగితే సరిపోయేది.

కిడ్నీలు పోయినవాళ్ల దురద అంటువ్యాధి కాదు. చెమట గ్రంథులు, నూనె గ్రంథులు కుంచించుకుపోయి చర్మం పెళపెళలాడుతుంది. మామూలు చర్మానికి కాస్త పులుపు గుణం ఉంటుంది, పీహెచ్ 5 చుట్టుపక్కల. చర్మం మీద కాపురముండే మంచి సూక్ష్మజీవులకి అదే అండ. కిడ్నీ జబ్బులో ఆ పులుపు తగ్గుతుంది. సబ్బు బిళ్లల పీహెచ్ చూస్తే 9, 10, అంటే పులుపుకి పూర్తిగా వ్యతిరేకం. రుద్దండి, ఇంకా గట్టిగా రుద్దండి. అదను చూసుకుని స్టెఫలోకాకస్ ఆరియస్ లాంటి బాక్టీరియా పాగా వేస్తుంది. అది వదిలే ఒక ఎంజైము నేరుగా నరాన్నే రెచ్చగొట్టి దురద పుట్టిస్తుందని 2023లో హార్వర్డ్ వాళ్లు ఎలుకల్లో చూపించారు. మనుషుల్లో కిడ్నీ దురదకి ఇదొక్కటే కారణమని కాదు. ఒంట్లో నిలిచిపోయే మలినాలు, ఫాస్ఫరస్, పాడైన నరాలు, అన్నీ కలిసి ఆడే ఆట అది.

ఇంకో ముక్క వినండి. ఈ స్టెఫలోకాకస్ ఏ జబ్బూ లేనివాళ్లలోనే ముగ్గురిలో ఒకరి ముక్కులో హాయిగా ఉంటుంది. అంటే ఆ హాల్లో ఎంతమంది మోసుకుని తిరుగుతున్నారో లెక్కేసుకోండి. గీరి గీరి చర్మం చిట్లిపోయి, వారానికి మూడుసార్లు చేతిలో లావు సూదులు పొడిపించుకునే మనిషికి అది రక్తంలోకి వెళ్లిందా, ప్రాణం మీదకి వస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఎవర్ని చూసి ఎవరు జరిగి కూర్చోవాలో.

మా అమ్మ రాత్రిళ్లు దువ్వెన పళ్లతో వీపు గీరుకుంటుంది. తెల్లారి నైటీ చేతుల మీద చుక్కలు చుక్కలుగా రక్తం. గీరడం వల్ల గోళ్లు పాలిష్ పెట్టినట్టు నున్నగా మెరుస్తుంటాయి. పోయిన పెళ్లిలో ఇదే పిన్ని ఆ గోళ్లు చూసి "ఈ వయసులో రంగులేంటే" అంది.

డాక్టర్లేం తక్కువ తినలేదు. రౌండ్లకి వస్తారు, బరువెంత, బీపీ ఎంత, వెళ్లిపోతారు. దురద గురించి అడిగిన పాపాన పోరు. డయాలసిస్ పేషెంట్లలో నూటికి 42 మందికి ఓ మోస్తరు నుంచి తీవ్రమైన దురద ఉందని 2006లోనే చాలా దేశాల లెక్కలు కలిపి అచ్చేశారు. మనమే నోరు తెరిచి చెబితే సిట్రిజిన్, అదే ఎలర్జీ మాత్ర. దాంతో నిద్ర మత్తు తప్ప ఏమీ లేదు, ఎందుకంటే ఇది ఎలర్జీలో ఒంట్లో ఊరే హిస్టమిన్ వల్ల వచ్చే దురద కాదు. డయాలసిస్ అయ్యాక చిన్న డోసులో గాబాపెంటిన్ అనే నరాల మందు ఇవ్వొచ్చని ఎవరో జూనియర్ డాక్టరమ్మ చెప్పేదాకా మాకు తెలియలేదు. దానికి ముందు మందుల షాపతను చీటీ అడక్కుండా చేతిలో పెట్టిన స్టిరాయిడ్ క్రీము సంగతి మళ్లీ రాస్తా. 2018లోనే వాటిని చీటీ లేకుండా అమ్మకూడదన్నారు. అన్నారు, అంతే.

అసలు ఈ కుటుంబానికి దురదంటే ఎప్పుడూ లోకువే. మా మావయ్యకి అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెట్టేవి. ఒంటి మీద పొక్కు లేదు, దద్దురు లేదు. రాత్రయితే నరకం. వీళ్లేమన్నారు? "కుడి అరచెయ్యి దురద పెడుతోందా, డబ్బొస్తుందిలే బావా" అని ఇకఇకలు. కాలేయంలో ఊరే పైత్యరసం పేగులోకి దిగకుండా ఆగిపోతే దురద అలాగే మొదలవుతుంది, అరచేతుల్లో, అరికాళ్లలో. (నిండు నెలల గర్భిణికి ఇలా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, నవ్వుకోకండి.) కళ్లు పచ్చబడ్డాక తీసుకెళ్లింది ఎక్కడికి? పసరు పోసి, ముంజేతి మీద వాత పెట్టేవాడి దగ్గరికి. తీసుకెళ్లింది ఎవరు? ఈ పిన్ని మొగుడే, మా బాబాయి. మూసుకుపోయిన పైత్యరస నాళం చేతి మీద కాలిస్తే తెరుచుకుంటుందా? ఎండోస్కోపీతో స్టెంటు అనే చిన్న గొట్టం వేసి దారి తెరవొచ్చని పెద్దాసుపత్రిలో చెప్పేసరికి లోపల చీము పట్టేసింది. మావయ్య ఇంటికి రాలేదు.

ఆ వాతలవాడి నంబరు ఇప్పటికీ మా ఫ్యామిలీ గ్రూపులో ఉంది, "హస్తవాసి అద్భుతం" అని బాబాయి రాసిన ముక్కతో సహా. తీసెయ్యండి అని నేను మెసేజ్ పెడితే, తీసేశారు. నన్ను.